ట్రాక్టర్ లాగగలదు సరే, ఆపగలదా?

ట్రాక్టర్ కొనడానికి షోరూంకి వెళ్లినవాళ్లు అడిగేవి ఎక్కువగా రెండే ప్రశ్నలు: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని టన్నులు లాగుతుంది. బ్రేకు వేస్తే ఎన్ని టన్నులు ఆగుతాయని అడిగేవాళ్లు అరుదు. అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు కూడా. వెనక ట్రాలీ తగిలించి రోడ్డెక్కాక మాత్రం ప్రాణాలు ఆధారపడేది ఎవరూ అడగని ఆ ప్రశ్న మీదే.

లాగడానికి గేర్లు సాయం చేస్తాయి. 45 హెచ్‌పీ ఇంజను చిన్న గేరులో 8 టన్నులనైనా మెల్లగా కదిలిస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఈ సాయం ఉండదు. అప్పుడు పనికొచ్చేది టైరుకీ నేలకీ మధ్య ఉన్న పట్టు ఒక్కటే. బ్రేకు ఉన్న చక్రాల మీద ఎంత బరువు ఉంటే అంత పట్టు. ఇంజను ఎంత పెద్దదైనా ఈ పట్టు పెరగదు. హెచ్‌పీ చెప్పుకుని మీసం మెలేసేవాళ్లకు ఇది నచ్చని సంగతి.

ఒక ముతక లెక్క వేసి చూద్దాం. ట్రాక్టర్ బరువు 2 టన్నులు. ట్రాలీ, అందులోని ఇసుక కలిపి 6 టన్నులు. మొత్తం 8 టన్నులు. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లకు సాధారణంగా బ్రేకులు వెనక రెండు చక్రాలకే ఉంటాయి. ట్రాలీకి బ్రేకు అసలు ఉండదనే అనుకోవాలి. ట్రాక్టర్ సొంత బరువులో వెనక చక్రాల మీద పడేది దాదాపు 1,300 కేజీలు. రెండు చక్రాల ట్రాలీ అయితే హుక్కు మీద ఇంకో 700 కేజీలు మోపుతుందనుకుందాం. అంటే 8 టన్నుల్లో బ్రేకు పడే చక్రాల మీద ఉన్నది 2 టన్నులే. పొడి తారురోడ్డు మీద అందులో 60 శాతం ఆపే బలంగా మారుతుందనుకుంటే, 1,200 కేజీల బలం 8,000 కేజీల బండిని ఆపాలి.

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉంటే, బ్రేకు పట్టిన దగ్గర్నుంచి ఆగేదాకా 23 మీటర్లు పడుతుంది. డ్రైవర్ తేరుకుని కాలు బ్రేకు మీదికి తెచ్చే ఒక్క సెకనులో బండి 8 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. రెండూ కలిపితే 31 మీటర్లు. అదే ట్రాక్టర్ ట్రాలీ లేకుండా అయితే బ్రేకు పట్టాక 10 మీటర్ల చుట్టుపక్కల ఆగుతుంది. వాన పడి రోడ్డు తడిసి పట్టు సగమైతే, ట్రాలీతో ఆ 23 మీటర్లు 46 అవుతాయి. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికపడతాయి కాబట్టి నిజంగా పట్టే దూరం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. వేగం 20కి తగ్గిస్తే మాత్రం 23 కాస్తా 10 చిల్లరకు వస్తుంది. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు; తగ్గేటప్పుడూ అలాగే తగ్గుతుంది. ఖర్చు లేకుండా దొరికే బ్రేకు ఇదొక్కటే.

నాలుగు చక్రాల ట్రాలీ బరువంతా అదే మోసుకుంటుంది, ట్రాక్టర్‌కి భారం ఉండదని మెచ్చుకునేవాళ్లున్నారు. భారం లేకపోవడమే ఇక్కడ చిక్కు. హుక్కు మీద బరువు పడకపోతే బ్రేకు పడే చక్రాల మీద ఉండేది ట్రాక్టర్ సొంత 1,300 కేజీలే. పైన చెప్పిన లెక్కలో 23 మీటర్ల చోట 36 మీటర్లు వస్తాయి.

యూరప్‌లో కారు వెనక తగిలించే ట్రైలర్ మొత్తం బరువు 750 కేజీలు దాటితే దానికి సొంత బ్రేకు ఉండాలి. మనం అంతకు ఎన్నో రెట్ల బరువును బ్రేకు లేని ట్రాలీలో వేసి, కాలువ కట్టల మీద, బడి పిల్లలు నడిచే రోడ్ల మీద తిప్పుతున్నాం. ట్రాలీని వెనక నుంచి వచ్చే మరో బండిగా చూడటం అలవాటైతేనే మిగతా విషయాలు అర్థమవుతాయి. ట్రాక్టర్ ఆగాలనుకున్నప్పుడు ట్రాలీ ఆగాలనుకోదు, ముందుకు తోస్తుంది.

ఆ తోపు ఎప్పుడు ప్రమాదమవుతుందంటే, ట్రాక్టర్ వెనక చక్రాలు బిగుసుకుపోయి జారినప్పుడు. తిరగడం ఆగిన చక్రానికి పక్కకు జారకుండా నిలబెట్టే పట్టు కూడా పోతుంది. అప్పుడు ట్రాలీ తోపుకు ట్రాక్టర్ వెనక భాగం పక్కకు కొట్టుకుపోయి, బండి రోడ్డుకు అడ్డం తిరుగుతుంది. దీన్ని మనవాళ్లు చేతులారా తెచ్చుకునే దారి ఒకటుంది. ట్రాక్టర్‌కి కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, రెండు బ్రేకు పెడళ్లుంటాయి. దుక్కిలో చాలు చివర చటుక్కున మళ్లించడానికి పనికొచ్చే ఏర్పాటు అది. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే లాకు వేయాలి. చేలో పని ముగించి, లాకు వేయకుండానే ట్రాలీ తగిలించుకుని బయల్దేరితే, కంగారులో కాలు ఒక్క పెడలు మీదే పడుతుంది. ఒకవైపు చక్రం ఆగుతుంది, రెండోది తిరుగుతూనే ఉంటుంది, వెనక 6 టన్నులు తోస్తుంటాయి. లాకు వేసినా రెండు వైపులా బ్రేకు ఒకేలా పట్టకపోతే ఇదే జరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద ట్రాలీ లేకుండా ఒకసారి బ్రేకు వేసి చూస్తే, ట్రాక్టర్ ఏ పక్కకు లాగుతుందో తెలిసిపోతుంది.

వాలు మీద సంగతి వేరు. 20 మీటర్ల దూరానికి ఒక మీటరు దిగే మామూలు వాలులో కూడా ఆ 23 మీటర్లు 35 అవుతాయి. శ్రీశైలం, పాడేరు లాంటి ఘాట్లలో వాలు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇలాంటి చోట డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే డ్రైవర్లున్నారు. మిగిలేది గ్లాసెడు డీజిల్ కూడా కాదు. గేరులో ఉన్నంతసేపు ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసినా, క్లచ్ తొక్కి ఉంచినా ఆ పట్టు పోతుంది. వేగం అందుకున్నాక మళ్లీ గేరు వేయబోతే పడదు, కరకరమంటుంది. ఆ తర్వాత బ్రేకు మీద నిలబడటమే మిగులుతుంది. ఏ గేరులో అయితే ఆ లోడుతో అదే వాలు ఎక్కగలమో, ఆ గేరులోనే దిగాలి. అది కూడా వాలు మొదలుకాకముందే వేసుకోవాలి.

బరువు ఎక్కడ పెట్టాలి

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. బరువు ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. రెండు చక్రాల ట్రాలీకి కూడా అదే సూత్రం, కాడి బదులు హుక్కు ఉంటుంది.

వెనక తలుపు వైపు బరువెక్కువైతే హుక్కు ట్రాక్టర్‌ను పైకి లేపుతుంది. బ్రేకు ఉన్న ఆ రెండు చక్రాలే తేలికపడతాయి. ముందుకు మరీ ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలతాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ట్రాక్టర్ బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలన్నది తయారీదారులు, భద్రతా నిపుణులు చెప్పే మాట. మామూలు రోడ్డు మీద సరిగానే ఉన్న బండి, కాలువ కట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేపిందంటే ఆ 20 శాతం లేనట్టే. ముందు బంపర్ దగ్గర వెయిట్లు బిగించేది అందుకే. ట్రాలీలో బరువును ఇరుసుకి కాస్త ముందుకు జరిపి పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఇసుకను జేసీబీ ఎటువైపు నుంచి పోసిందో అటే గుట్టగా వదిలేసి బయల్దేరితే సర్దుకోదు.

ఎంత బరువు ఎక్కిందన్నది కూడా కంటికి తెలియదు. 100 ఘనపుటడుగుల ట్రాలీ నిండా పొడి ఇసుక పోస్తే సుమారు నాలుగున్నర టన్నులు. అదే ఇసుక వాగులోంచి తడిగా ఎత్తిపోస్తే అయిదున్నర దాకా పోతుంది. చూడ్డానికి రెండూ ఒకే ఎత్తు, కానీ ఆపడానికి ఒక టన్ను తేడా.

పత్తిది వేరే కథ. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఆదిలాబాద్ మార్కెట్‌కో, వరంగల్ ఏనుమాములకో వెళ్లే ట్రాలీలను సీజన్‌లో చూస్తే, పట్టాలు కట్టి ట్రాలీ ఎత్తుకు రెండింతలు పేర్చి ఉంటాయి. మలుపులో బండిని బోల్తా కొట్టించేది బరువు ఒక్కటే కాదు. బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య ఎంత వెడల్పు ఉంది అన్న నిష్పత్తి ముఖ్యం. చక్రాల మధ్య 1.5 మీటర్లున్న ట్రాలీలో ఇసుక పోస్తే బరువు కేంద్రం 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. మలుపులో పక్కకు నెట్టే బలం బండి బరువులో 62 శాతం దాటితే గానీ అది పడదు. పత్తితో ఆ కేంద్రం 2 మీటర్లకు పెరిగితే 37 శాతం చాలు. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 20 కిలోమీటర్లతో వెళ్తే పుట్టేది 21 శాతం, 30తో వెళ్తే 47 శాతం. అంటే ఒకే మలుపు, ఒకే వేగం, ఇసుక ట్రాలీ దాటిపోతుంది, తేలికగా ఉన్న పత్తి ట్రాలీ పడిపోతుంది. లోడు తేలికేగా అని తొందరపడేది సరిగ్గా ఇలాంటప్పుడే.

వేసవిలో హైదరాబాద్ శివార్లలో తిరిగే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు నిండుగా ఉంటే 5 టన్నులు, పైగా ట్యాంకు బరువు. విచిత్రమేమిటంటే, నిండు ట్యాంకు కంటే సగం ఖాళీ చేసిన ట్యాంకే మలుపుల్లో మొండికేస్తుంది. నీళ్లకు కదలడానికి చోటు దొరుకుతుంది. మలుపులో అవి ఒక పక్కకు పోగవుతాయి, బ్రేకు వేస్తే ముందుకొచ్చి కొడతాయి. లోపల అడ్డు రేకులు లేని ట్యాంకయితే మరీను. సగం నీళ్లు ఒక ఇంటి దగ్గర దింపి, మిగతా సగం ఇంకో వీధికి తీసుకెళ్తున్నప్పుడు డ్రైవర్ ‘సగం అయిపోయిందిగా’ అని వేగం పెంచడం మామూలు. తగ్గించాల్సిన చోటే పెంచుతున్నాడన్నమాట.

దిగబడినప్పుడు

ట్రాక్టర్ పక్కకు పడే ప్రమాదం అందరికీ తెలుసు. వెనక్కి తిరగబడేది అంతగా తెలియదు. దానికి లోయ అక్కర్లేదు, బురద మడి చాలు.

ఇంజను తిప్పే బలం వెనక ఇరుసుకు చేరుతుంది. చక్రం తిరిగితే బండి ముందుకు పోతుంది. చక్రం తిరగలేకపోతే, అదే బలం ఇరుసును ఆధారం చేసుకుని ట్రాక్టర్ ఒంటినే పైకి తిప్పడం మొదలుపెడుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. క్లచ్ తొక్కితే అక్కడితో ఆగుతుంది. కానీ ముందు భాగం లేవడం మొదలైన దగ్గర్నుంచి ఇక వెనక్కి తిప్పుకోలేని స్థితికి రావడానికి ముప్పావు సెకను చాలు, పూర్తిగా బోల్తా కొట్టడానికి ఒకటిన్నర సెకను. కాలు క్లచ్ చేరేలోపు అయిపోతుంది. పైన బిగించే టాపు ఎండకూ వానకూ అడ్డం, పడే ట్రాక్టర్ బరువును అది ఆపలేదు.

లాగే హుక్కు ఇరుసు కంటే కిందకు ఉన్నంతవరకు కొంత రక్ష ఉంటుంది. ముందు భాగం లేస్తున్నకొద్దీ హుక్కు నేలవైపు దిగుతుంది, వెనక్కి పడగొట్టే లాగుడు బలహీనపడుతుంది. ఇంకో ట్రాక్టర్‌తోనో, చెట్టుకు కట్టిన గొలుసుతోనో లాగేటప్పుడు కట్టడానికి వీలుగా ఉందని, వెనక పనిముట్లు తగిలించే పై లింకు దగ్గరో, సీటు కింద ఇరుసు గొట్టానికో గొలుసు వేస్తే ఆ రక్ష పోయినట్టే. అప్పుడు లాగుడు మొత్తం ట్రాక్టర్‌ను వెనక్కి పడేసేందుకే పనిచేస్తుంది. ఇక దిగబడిన చక్రానికి పట్టు దొరకాలని ముందు దుంగ పెట్టడం, లేదా చక్రానికే దుంగ కట్టడం చాలా ఊళ్లలో చేసే పని. చక్రం దుంగకు తట్టుకుని ఆగిపోతే, తిరగాల్సింది ఇక ట్రాక్టర్ ఒళ్లే. దిగబడితే ట్రాలీ విప్పేసి, రివర్స్‌లో బయటికి రావడం మేలు. రివర్స్‌లో ఆ తిప్పుడు ముందు చక్రాలను నేలకు అదుముతుంది.

కట్ట మీద

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లు. అంతకు రెండు నెలల ముందే నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలంలో ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో ట్రాక్టర్ పడి 9 మంది కూలీలు పోయారు. 2022 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ జిల్లా ఘాతంపూర్ దగ్గర గుడి నుంచి తిరిగొస్తున్న ట్రాలీ చెరువులో పడితే పాతిక మందికి పైగా చనిపోయారు. ప్రతిసారీ మొదట వినబడేది డ్రైవర్ నిర్లక్ష్యం అన్న మాటే. ఒక్కొక్క ప్రమాదానికి కారణం ఒక్కోటి కావచ్చు. కానీ కాలువ కట్టల మీద ట్రాలీలు ఎందుకు పడతాయన్నది బండి తీరులోనే కొంత ఉంది.

మలుపు తిరిగేటప్పుడు ట్రాలీ చక్రాలు ట్రాక్టర్ చక్రాల బాటలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. పైగా ట్రాలీ వెడల్పు చాలాసార్లు ట్రాక్టర్ కంటే ఎక్కువ. ట్రాక్టర్ కట్ట మీద భద్రంగా తిరిగిందని డ్రైవర్ అనుకుంటున్న క్షణంలో ట్రాలీ లోపలి టైరు అంచు మీద ఉంటుంది. ఆ అంచు గట్టిగా ఉందా అన్నది మరో ప్రశ్న. నీళ్లు తాగిన మట్టి పైకి మామూలుగానే కనబడి, బరువు పడగానే పలకలా విరుగుతుంది. కాలువ ఎంత లోతుంటే అంచు నుంచి కనీసం అంత దూరంలో చక్రం ఉండాలని వ్యవసాయ భద్రత నేర్పేవాళ్లు చెబుతారు. రెండు మీటర్ల లోతు కాలువైతే రెండు మీటర్లు. మన కట్టల మీద అంత చోటు లేకపోతే, ఆ కట్ట లోడు ట్రాలీకి దారి కాదు.

మనుషులు ఎక్కితే ఇంకా కష్టం. నిలబడ్డ మనుషులు బరువు కేంద్రాన్ని పైకి తీసుకెళ్తారు, బండి ఒరిగిందనిపించగానే అందరూ ఒక పక్కకు తూలుతారు. బస్తాలను తాడుతో కట్టొచ్చు, మనుషుల్ని కట్టలేం. నిమజ్జనం రోజు డీజే బాక్సులు పేర్చి, వాటి మీద నలుగురు ఎక్కిన ట్రాలీని ఈ లెక్కలతో చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. మిర్చి కోతలకు, నాట్లకు వెళ్లే కూలీలది వేడుక కాదు, గతిలేకపోవడం. పొద్దున్నే ఆ ఊరికి బస్సు ఉండదు, ఆటోకి ఇస్తే కూలిలో మిగలదు. ట్రాలీ ఎక్కొద్దని పోలీసులు చెప్పడం సులువే. వేరే బండి చూపించడం కష్టం కాబట్టి ఏటా ఆ మాట చెప్పి ఊరుకుంటున్నారు.

కారు వెనక అయితే

అమెరికాలో చదువు ముగించి ఉద్యోగం వచ్చిన ఊరికి మారే మన పిల్లలు యూ-హాల్ అనే కంపెనీ దగ్గర ట్రైలర్ అద్దెకు తీసుకుని, కారు వెనక తగిలించుకుని వందల మైళ్లు పోతారు. అక్కడ సమస్య రూపం మారుతుంది. వేగం ఎక్కువ కాబట్టి ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకెళ్లిన గాలికో, లేను మారినప్పుడో ఊపు వస్తుంది. ఒక వేగం వరకు ఆ ఊపు దానంతట అదే చల్లారుతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందటి దానికంటే పెద్దదవుతుంది, చివరికి కారునే తిప్పి పడేస్తుంది. ఆ వేగం ఎంతన్నది ఎక్కువగా సామాను పెట్టిన తీరును బట్టి ఉంటుంది. వెనక బరువెక్కువైతే అది బాగా తగ్గిపోతుంది. అందుకే ఆ కంపెనీ 60 శాతం బరువు ముందు సగంలో పెట్టమని, గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు దాటొద్దని చెబుతుంది. హుక్కు మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అక్కడి లెక్క. మంచం, పరుపు ముందే ఎక్కించి, పుస్తకాల పెట్టెలు, గ్రైండరు చివర్లో తలుపు దగ్గర సర్దడం తెలియక చేసే పొరపాటు.

ఊగడం మొదలైతే బ్రేకు తొక్కాలనిపిస్తుంది. తొక్కితే ట్రైలర్ తోసుకొస్తుంది, ఊపు పెరుగుతుంది. ఎదురు తిప్పి సరిచేయబోతే మన స్టీరింగే ఆ ఊపుకు తోడవుతుంది. కాలు యాక్సిలరేటర్ మీంచి మెల్లగా తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, వేగం పడిపోయేదాకా ఆగాలి. ట్రైలర్‌కి విడిగా బ్రేకు మీట ఉంటే అది ఒక్కటే నొక్కాలి, వెనక నుంచి పట్టి లాగినట్టయి ట్రైలర్ సూటిగా వస్తుంది. తర్వాత పక్కకు ఆపి సామాను మళ్లీ సర్దాలి. సర్దకుండా బయల్దేరితే అదే వేగం దగ్గర మళ్లీ ఊగుతుంది.

మళ్లీ మన ట్రాలీ దగ్గరికొస్తే, చిన్నవే కానీ వదలకూడనివి కొన్ని ఉన్నాయి. హుక్కు పిన్ను కింద అడ్డు పిన్ను లేకపోతే గతుకుల్లో పెద్ద పిన్ను ఎగిరి బయటికొస్తుంది. దాని చోట ఇనుప చువ్వ దూర్చి నడిపేవాళ్లను చూస్తూనే ఉంటాం. హుక్కు ఊడినా ట్రాలీ పక్క రోడ్డు మీదికి పోకుండా గొలుసు ఉండాలి. రాత్రి వెనక లైటు లేని ట్రాలీ హైవే మీద కనబడదు. రేడియం స్టిక్కర్లు దుమ్ము పట్టినా కనబడవు, తుడవాలి.

చివరగా కాగితాలు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రాక్టర్ అంటే తానుగా బరువు మోయడానికి కట్టిన బండి కాదు. ట్రైలర్‌కి అదే చట్టంలో విడిగా నిర్వచనం ఉంది, అదీ ఒక వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత బీమా కావాలి. ట్రాక్టర్‌కి పాలసీ ఉంది కదా అని ట్రాలీని వదిలేసేవాళ్లు ఎక్కువ. 2007లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో గాయపడిన కూలీ, ట్రాక్టర్‌కి తగిలించిన ట్రాలీలో ప్రయాణిస్తున్నాడు. ట్రాలీకి బీమా లేదు. చెల్లించే బాధ్యత బీమా కంపెనీది కాదని కోర్టు అంది. ఆ కూలీ పేదరికం చూసి తన ప్రత్యేకాధికారం వాడి, ముందు కంపెనీనే కట్టమని, తర్వాత ఆ డబ్బు యజమాని నుంచి వసూలు చేసుకోమని చెప్పింది. ట్రాక్టర్ ఉన్నవాళ్లు పాలసీ కాగితం తీసి చూసుకోవాల్సినవి రెండు: అందులో ట్రాలీ నంబరు ఉందా, దానికి ప్రీమియం కట్టారా.